అన్నిటికీ టిక్కులు పెట్టారు, బండి మాత్రం కారుతోంది: సంతకం పెట్టాలా?

అమెరికాలో ఉంటున్న ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. పేరు, రాష్ట్రం రాయవద్దన్నారు.

భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులు, ఇద్దరు పిల్లలు. జూన్‌లో అత్తగారు, మామగారు ఇండియా నుంచి వస్తున్నారు. మామగారికి మోకాళ్ల నొప్పులు, రోజుకో హోటల్ మారడం ఆయనవల్ల కాదు. భర్తకు ఎప్పటినుంచో ఆర్వీ, అంటే వంటగది, పడకలు, బాత్రూం ఉన్న ఇల్లులాంటి బండి మీద మోజు ఉంది. అందుకని ఒక స్లైడ్ (ఆపినప్పుడు బయటికి జరిపి గదిని వెడల్పు చేసుకునే భాగం) ఉన్న 28 అడుగుల కొత్త ట్రావెల్ ట్రైలర్, అంటే పికప్ వెనక తగిలించి లాక్కెళ్లే రకం, కొనాలనుకున్నారు. 1,500 డాలర్లు అడ్వాన్సు కట్టారు. డీలర్ ద్వారానే 15 ఏళ్ల లోను వచ్చింది. యెల్లోస్టోన్ దగ్గర క్యాంపుగ్రౌండ్ కూడా బుక్ చేసేశారు. వచ్చే శనివారం సాయంత్రం నాలుగింటికి సంతకాలు పెట్టి తాళాలు తీసుకోవాలి.

పోయిన వారం బండిని మరోసారి చూడటానికి వెళ్లినప్పుడు సేల్స్‌మన్ వీళ్ల చేతిలో ఒక కాగితం పెట్టాడు. అది పీడీఐ, అంటే డెలివరీకి ముందు డీలర్ చేయాల్సిన తనిఖీ తాలూకు పట్టిక. రెండు పేజీలు, అన్నిటికీ టిక్కులు. ఈమె ఊరికే చూద్దామని వాటర్ పంపు వేసి బాత్రూంలో సింకు కింద తలుపు తెరిస్తే లోపల చెక్క తడిసి ఉంది. పైపు కీలు దగ్గర బొట్టు బొట్టుగా కారుతోంది. సేల్స్‌మన్ గుడ్డతో తుడిచి, "కొత్త బండికి ఇది మామూలే, వారంటీలో చేసేస్తాం" అన్నాడు. స్టవ్, ఫర్నేస్, గ్యాస్ మీద వాటర్ హీటర్ "పరీక్షించాం" అని టిక్కులున్నాయి. ముందున్న ప్రొపేన్ సిలిండర్లు మాత్రం ఖాళీ. అడిగితే, మీరు బండి తీసుకునే రోజు నింపుతామన్నాడు. స్లైడ్ బయటికి వచ్చేటప్పుడు ఒక పక్క రాసుకుంటోంది. ఫ్రిజ్ లోపల అట్టలు, టేపులు కూడా ఇంకా తీయలేదు.

కారులో తిరిగి వస్తుంటే భర్త విసుక్కున్నారు. "అతను ఎంత మర్యాదగా మాట్లాడాడు! నువ్వు పోలీసులా ప్రశ్నలు వేశావు. చిన్న చిన్నవి ఎవరికైనా ఉంటాయి. అమ్మావాళ్లు వచ్చేలోగా బండి చేతికి రావాలి." ఈమె అడుగుతున్నది రెండే మాటలు: "నాది చాదస్తమా? శనివారం సంతకం పెట్టాలా, వద్దా?"

సమాధానం

మీది చాదస్తం కాదమ్మా. పంపు వేసి సింకు కింద చూడటం ఆ పట్టికలో టెక్నీషియన్ చేయాల్సిన పని. అది మీరు చేశారు కాబట్టే ఆ తడి బయటపడింది.

అలాగని డీలర్ మోసం చేశాడని ఇప్పుడే తేల్చేయకండి. సిలిండర్ల సంగతి చూడండి. కొత్త ట్రైలర్లు ఫ్యాక్టరీ నుంచి ఖాళీ సిలిండర్లతోనే వస్తాయి. వర్క్‌షాపులో తమ సొంత సిలిండర్ తగిలించి స్టవ్, ఫర్నేస్ వెలిగించి చూసి, తర్వాత తీసేయడం కూడా ఉంటుంది. కాబట్టి ఖాళీ సిలిండరు ఒక్కటే దొంగ టిక్కుకు రుజువు కాదు. కానీ అట్టలు కూడా తీయని ఫ్రిజ్, పంపు వేయగానే కారిన కీలు, రాసుకుంటున్న స్లైడ్, వీటితో కలిపి చూస్తే ఒక ప్రశ్న అడగాల్సిందే. ఈ పట్టిక ఎవరు నింపారు? ఏ రోజున? బండిలో నీళ్లు, గ్యాస్, కరెంటు మూడూ పెట్టి నింపారా, లేక బండి లాట్‌లో నిలబడి ఉండగానే నింపారా? ఇది సేల్స్‌మన్ని అడిగితే లాభం లేదు. అతను అమ్మేవాడు, పరీక్షించేవాడు సర్వీసు బేలో (బండ్లు బాగుచేసే షెడ్డులో) ఉంటాడు. పట్టిక అడుగున సంతకం చేసిన టెక్నీషియన్‌తో ఐదు నిమిషాలు మాట్లాడించమనండి. నిజంగా చేసిన మనిషైతే ఏ వాల్వు బిగుతుగా ఉందో, ఏ డ్రాయరు సరిచేశాడో గుర్తుపెట్టుకుని చెబుతాడు.

అసలు కొత్త బండికి ఇంత పరీక్ష దేనికని మీవారు అనుకోవడంలో వింత లేదు. కొత్త కారు కొన్నప్పుడు మనం సింకు కింద వెతుక్కోం. ఆర్వీ సంగతి వేరు. అమెరికాలో అమ్ముడయ్యే వాటిలో ఎక్కువ భాగం ఇండియానా రాష్ట్రంలోని ఎల్క్‌హార్ట్ చుట్టుపక్కల తయారవుతాయి. చెక్క ఫ్రేములు, స్టేపుళ్లు, సీలెంటు, ప్లాస్టిక్ పైపులు, చాలామటుకు చేతిపని. లైను మీద ఎంత వేగంగా బండ్లు కదిలితే అంత ఉత్పత్తి. ఆపైన ఆ ఇంటిని హైవే మీద వందల మైళ్లు లాక్కుంటూ డీలర్ దగ్గరికి తెస్తారు. ఫ్యాక్టరీలో బిగించిన కీలు దారిలో వదులు కావచ్చు. అందుకే ఫ్యాక్టరీ వాళ్ల తనిఖీ ఎంత బాగా జరిగినా, బండి చేరాక డీలర్ చేసే తనిఖీకి అంత విలువ.

తలుపు పక్కన ఆర్‌వీఐఏ (ఆర్వీ పరిశ్రమ సంఘం) ముద్ర మీరు చూసే ఉంటారు. సభ్య కంపెనీలు విద్యుత్తు, ప్లంబింగ్, ప్రొపేన్, అగ్నిభద్రతల విషయంలో ఎన్‌ఎఫ్‌పీఏ 1192 వంటి ప్రమాణాలు పాటిస్తామని వేసుకునే ముద్ర అది. ఆ సంఘం ఇన్‌స్పెక్టర్లు ఫ్యాక్టరీలకు చెప్పకుండా వెళ్లి చూస్తారు కూడా. కానీ మీ బండి స్లైడ్ సూటిగా కదులుతుందనో, మీ సింకు కారదనో ఆ ముద్ర హామీ ఇవ్వదు. ఇక పీడీఐలో ఏమేం పరీక్షించాలో, ఎంతసేపు పరీక్షించాలో వరసగా చెప్పే ఫెడరల్ చట్టం లేదు. అది కంపెనీకీ డీలర్‌కీ మధ్య ఉన్న ఒప్పందం, డీలర్ పట్టింపు. ఒకచోట టెక్నీషియన్ పూట మొత్తం పెట్టి చేస్తాడు. ఇంకోచోట అదే పట్టిక కాఫీ తాగేలోపు నిండిపోతుంది. కాగితం మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి.

ఇప్పుడు శనివారం సంగతి. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది నీటిచుక్క కాదు, "సాయంత్రం నాలుగింటికి" అన్న మాట. శనివారం ఆ వేళకు సర్వీసు బేలో మనుషులు పలచబడతారు. మీరు అలసిపోయి వస్తారు, పిల్లలు గొడవ చేస్తారు, సేల్స్‌మన్‌కు తర్వాతి కస్టమరు ఎదురుచూస్తుంటాడు. చాలా డీలర్‌షిప్‌లలో ముందు ఫైనాన్స్ గదిలో సంతకాలు పెట్టించి, ఆ తర్వాతే బండి చుట్టూ తిప్పి చూపిస్తారు. ఆ కాగితాల కట్టలో ఒకటి ఉంటుంది: "బండిని పరిశీలించాను, మంచి స్థితిలో అందుకున్నాను" అని. మీ కథ మొత్తం ఆ కాగితం మీద ఆధారపడి ఉంది.

ఎందుకంటే, లూసియానా తప్ప మిగతా రాష్ట్రాలన్నీ సరుకుల అమ్మకాలకు యూనిఫాం కమర్షియల్ కోడ్‌లోని రెండో ఆర్టికల్‌ను స్వీకరించాయి. దాని ప్రకారం సరుకు తీసుకునేముందు పరిశీలించే హక్కు కొనేవాళ్లకు ఉంది. ఒప్పందానికి తగ్గట్టు లేకపోతే తిరస్కరించవచ్చు. అమ్మినవాడికి సరిచేసుకునే అవకాశం కూడా ఆ కోడే ఇస్తుంది. ఒకసారి స్వీకరించాక లెక్క మారుతుంది. అప్పుడు వెనక్కి ఇవ్వాలంటే ఆ లోపం బండి విలువను గణనీయంగా తగ్గించిందని మీరు చూపించాలి. అంటే శనివారం సంతకానికి ముందు "ఇది సరిగా లేదు" అంటే సరిపోతుంది. సంతకం తర్వాత ఎంత సరిగా లేదో రుజువు చేసే భారం మీ నెత్తిన పడుతుంది. ఒప్పంద పత్రంలో వేరే షరతులు ఉండవచ్చు, కాబట్టి దాన్ని ముందే ఈమెయిల్‌లో తెప్పించుకుని చదవండి.

మూడు రోజుల్లో వెనక్కి ఇచ్చేయవచ్చని ఎవరైనా చెబితే నమ్మకండి. ఎఫ్‌టీసీ (ఫెడరల్ ట్రేడ్ కమిషన్) వారి ఆ మూడు రోజుల నియమం డీలర్ షోరూంలో కొన్న వాహనానికి వర్తించదు. లెమన్ లా, అంటే పదే పదే పాడయ్యే కొత్త వాహనం కొన్నవాళ్లను కాపాడే చట్టం కూడా రాష్ట్రానికో తీరు. చాలాచోట్ల లాక్కెళ్లే ట్రైలర్లను అసలు కలుపుకోరు, మోటార్‌హోమ్ అయినా నివాస భాగాన్ని పక్కన పెడతారు. మీ రాష్ట్రంలో ఎలా ఉందో అటార్నీ జనరల్ వెబ్‌సైట్‌లో చూడండి.

ఇక మీ ముందున్న దారులు.

శనివారమే సంతకం పెట్టి బండి తెచ్చుకోవడం ఒకటి. మీవారి ఉత్సాహం నిలుస్తుంది, ఆ పూట ఎవరికీ మొహమాటం ఉండదు. కానీ సంతకంతో వారంటీ గడియారం మొదలవుతుంది. ట్రావెల్ ట్రైలర్లకు చాలా కంపెనీలు ఇచ్చేది ఏడాదే. లోను కిస్తీ, ఇన్సూరెన్సు మొదలవుతాయి. ఆ తర్వాత రిపేరుకు తీసుకెళ్తే మీరు సర్వీసు వరసలో ఒక నంబరు. వేసవి ముందు ఆ వరస పెద్దది. కంపెనీ అనుమతి రావాలి, విడిభాగం రావాలి, బండి వారాల తరబడి వాళ్ల లాట్‌లోనే ఉండవచ్చు. జూన్‌లో అత్తగారు వాళ్లు ఇంట్లో, ట్రైలరు డీలర్ దగ్గర, కిస్తీ మీ ఖాతాలోంచి. పైగా నీళ్ల కీలు ఒకటే అయితే పదినిమిషాల పని గానీ, ఎన్నాళ్లుగా కారుతోందో, నేల చెక్క ఎంతవరకు నానిందో ఎవరూ చూడలేదు కదా. ఆర్వీకి నీళ్లే పెద్ద శత్రువు. గోడ పొరలు విడిపోయాక బాగుచేయడం మహా ఖర్చు.

రెండోది మధ్యేమార్గం. లోపాల జాబితా రాసి, డీలర్ తన ఖర్చుతో ఫలానా తేదీలోపు చేస్తానని సంతకం చేసిన కాగితం తీసుకుని బండి తెచ్చుకోవడం. వంకరగా అంటించిన ట్రిమ్, ఊడిన తెర కొక్కెం, గీత పడిన అల్మారా, ఇలాంటివాటికి ఇది చాలు. మీవారు "చిన్నవి" అన్న మాట వీటి విషయంలో నూటికి నూరుపాళ్లు నిజం, వాటికోసం బండి వదులుకోనక్కర్లేదు. నీళ్లు, గ్యాస్, కరెంటు, బ్రేకులు, స్లైడ్, పైకప్పు మాత్రం ఈ కాగితం మీదికి ఎక్కకూడదు. అవి బండి గేటు దాటకముందే తేలాలి.

మూడోది, నేను మొగ్గుచూపేది: తేదీ మార్చడం. డీలర్‌కు ఈమెయిల్ పెట్టండి, ఫోను వద్దు. కోపం ఏమీ అక్కర్లేదు. "బండి మాకు నచ్చింది, కొనాలనే ఉంది. సింకు కింద లీకు, స్లైడ్ రాసుకోవడం సరిచేయండి. తడిసిన చోట తేమ మీటరు పెట్టి చూపించండి. ఆ తర్వాత వారం మధ్యలో ఒక ఉదయం, టెక్నీషియన్ ఉండగా, నీళ్లు, గ్యాస్, కరెంటు పెట్టి పీడీఐ మొత్తం మా ఎదురుగా మళ్లీ చేయండి. అది అయ్యాకే ఫైనాన్స్ కాగితాలు." ఇంతే రాయండి. మంచి డీలర్ దీనికి ఒప్పుకుంటాడు, ఎందుకంటే తర్వాత వారంటీ పని తగ్గేది తనకే. మీకు పట్టే నష్టం ఒకటి రెండు వారాలు, సెలవు పెట్టాల్సిన ఒక పూట. లోను మంజూరుకు గడువు ఎప్పటిదాకా ఉందో మాత్రం ముందే అడిగి పెట్టుకోండి.

ఆ ఉదయం ఏం చూడాలో అంతా రాస్తే ఇంకో ఉత్తరం అవుతుంది. మీకు నీళ్ల దగ్గరే అనుమానం వచ్చింది కాబట్టి అది మాత్రం వివరంగా చెబుతాను. ఫ్రెష్ వాటర్ ట్యాంకు నింపించి పంపు వేయండి. కుళాయిలన్నిటి నుంచి నీళ్లు వచ్చాక అన్నీ కట్టేయండి. పంపు కాసేపట్లో ఆగిపోవాలి. ఆగాక పక్కనే నిశ్శబ్దంగా నిలబడి పావుగంట వినండి. ఎవరూ నీళ్లు వాడకుండానే పంపు మధ్యమధ్య "గుర్" మని తిరిగిందంటే ఎక్కడో ఒత్తిడి తగ్గుతోంది, నీరు బయటికి పోతోందన్నమాట. తర్వాత పంపు ఆపి, బయటి గొట్టం నుంచి సిటీ వాటర్ పెట్టించి మళ్లీ అంతా చూడండి, ఎందుకంటే ఆ దారి వేరు, ఒత్తిడి వేరు. సింకులు, షవరు నిండా పట్టి ఒక్కసారి వదిలేసి, కింద పైపులు చేత్తో తడిమి చూడండి. కంటికి కనపడని తడి టిష్యూ కాగితానికి తెలుస్తుంది. చివరికి బండి కిందికి వంగి, అడుగున ఉన్న నల్లటి ప్లాస్టిక్ తొడుగు ఎక్కడైనా పొట్టలా కిందికి దిగిందేమో చూడండి. దిగితే లోపల నీళ్లు నిలిచాయేమో తేల్చమనండి.

వాటర్ హీటరులో నీళ్లు నిండాయని తేలాకే దాని కరెంటు స్విచ్ వేయనివ్వండి. ఖాళీ హీటరుకు కరెంటు ఇస్తే లోపలి ఎలిమెంటు కాలిపోతుంది, హడావుడి డెమోలలో ఇది జరిగే పనే. ఫ్రిజ్ గ్యాస్‌తో పనిచేసే రకమైతే చల్లబడటానికి చాలా గంటలు పడుతుంది. ముందు రోజే ఆన్ చేసి ఉంచమని ఆ ఈమెయిల్‌లోనే రాయండి, మీరు వెళ్లేసరికి లోపల 40 డిగ్రీల ఫారెన్‌హీట్ లోపు ఉండాలి. గ్యాస్ లైనుకు ప్రెజర్ డ్రాప్ పరీక్ష మీ ముందే చేయమనండి, గేజి ముల్లు కదలకుండా నిలవడం మీవారే చూడాలి. పైకప్పు మీద వెంట్ల చుట్టూ సీలెంటు ఫొటోలు తీసి పెట్టుకోండి. టైరు పక్కన డీఓటీ నంబరులో చివరి నాలుగు అంకెలు తయారైన వారం, ఏడాది చెబుతాయి. 17 అక్షరాల విన్ నంబరును (బండి గుర్తింపు సంఖ్యను) ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ, అంటే ఫెడరల్ రోడ్డు భద్రతా సంస్థ వెబ్‌సైట్‌లో కొట్టి, రీకాల్ (భద్రతా లోపం వల్ల కంపెనీ ఉచితంగా సరిచేయాల్సిన పని) ఏదైనా మిగిలి ఉందేమో చూడండి. రీకాల్ సరిచేయకుండా కొత్త వాహనాన్ని అప్పగించడానికి ఫెడరల్ చట్టం ఒప్పుకోదు.

మీ ఇద్దరికీ అంత ఓపిక, అనుభవం లేవనుకుంటే స్వతంత్ర ఇన్‌స్పెక్టరును పెట్టుకోవచ్చు. ఎన్‌ఆర్‌వీఐఏ అనే ఆర్వీ ఇన్‌స్పెక్టర్ల సంఘం ధ్రువీకరించినవాళ్లు దొరుకుతారు. బండిని బట్టి కొన్ని వందల డాలర్ల నుంచి వెయ్యి దాటేదాకా తీసుకుంటారు. పదిహేనేళ్ల అప్పు ముందు అది పెద్ద మొత్తమేమీ కాదు. కొందరు డీలర్లు బయటివాళ్లను లాట్‌లోకి రానివ్వరు. అలా అంటే కారణం అడగండి. ఇన్‌స్పెక్టరుకు ఇన్సూరెన్సు కావాలంటే అది న్యాయమైన షరతే, చాలామందికి ఉంటుంది. కారణం చెప్పకుండా వద్దంటే మాత్రం, మీ మూడో దారి మూసుకుపోయిందని అర్థం చేసుకుని నాలుగోదాని గురించి ఆలోచించండి.

నాలుగోది వదులుకోవడం. అడ్వాన్సు రసీదు మీద "రిఫండబుల్" అని ఉందా, "నాన్ రిఫండబుల్" అని ఉందా ఈ రోజే చూడండి. వెనక్కి రాదని ఉన్నా, లీకు ఫొటోలు, తేదీతో సహా వాళ్లు టిక్కు పెట్టిన పట్టిక మీ దగ్గరుంటే అడిగే బలం ఉంటుంది. చివరికి రాకపోయినా పోయేది 1,500. బాధే, కానీ లెక్క తెలిసిన బాధ. మీ పిల్లలకూ అత్తమామలకూ ఆ వేసవి నిరాశ ఉంటుంది, దాన్ని నేను తక్కువ చేయను. ఆ కొద్దిరోజులకు బండి అద్దెకు తీసుకోవచ్చు. ఇంటివాళ్లందరూ ట్రైలర్లో నిజంగా సుఖంగా ఉంటారో లేదో కూడా అప్పుడే తెలుస్తుంది.

ఇప్పటికే సంతకం పెట్టేసి ఇదే చిక్కులో ఉన్న పాఠకులకు ఒక్క మాట. ప్రతి లోపం రాతలో తెలియజేయండి, ప్రతి రిపేరు ఆర్డరు కాపీ దాచండి. 1975 నాటి మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం కింద వినియోగదారుడు గెలిస్తే లాయరు ఫీజు కూడా అవతలివాళ్ల చేత ఇప్పించే వీలు కోర్టుకు ఉంది. డీలర్ ద్వారా వచ్చిన లోను అయితే, ఎఫ్‌టీసీ హోల్డర్ రూల్ వల్ల డీలర్ మీద ఉన్న అభ్యంతరాలను అప్పిచ్చిన సంస్థ ముందు కూడా పెట్టవచ్చు. కిస్తీలు ఆపే ముందు మాత్రం లాయర్ని అడక్కుండా అడుగు వేయకండి.

మళ్లీ మీ దగ్గరికి వస్తాను. మీవారితో ఈ మాట ఎలా ఎత్తాలో మీరు అడగలేదు, కానీ ఉత్తరం నిండా అదే ఉంది. ఆయనకు మీరు సేల్స్‌మన్‌ని అవమానించినట్టు అనిపించింది. మర్యాదగా మాట్లాడినవాడిని అనుమానించడం మనలో చాలామందికి ఇబ్బందే, అది ఆయన మంచితనం. కాబట్టి "అతను మంచివాడా కాదా" అన్న చర్చలోకి దిగకండి. అతను మంచివాడే అనుకోండి, అయినా ఆ పంపును అతను పరీక్షించలేదు. ఈసారి ప్రశ్నలు మీరు వేయవద్దు, ఆయన చేతికే ఇవ్వండి. గ్యాస్ గేజి, టైర్లు, బ్రేకులు, హిచ్ (ట్రైలరును పికప్‌కు తగిలించే భాగం) ఆయన చూస్తారు, నీళ్లూ లోపలి సామానూ మీరు చూస్తారు. ఆర్వీ మీద అంత ఇష్టమున్న మనిషికి టెక్నీషియన్‌తో ఒక ఉదయం గడపడం సరదాగానే ఉంటుంది.

ఆయన చూడాల్సినది ఇంకొకటి ఉంది, అది ఏ పీడీఐ పట్టికలోనూ ఉండదు. ట్రైలరును లాగే మీ పికప్‌లో, డ్రైవరు వైపు తలుపు దగ్గర మనుషులూ సామానూ కలిపి ఎన్ని పౌండ్లు మోయగలదో రాసిన స్టిక్కరు ఉంటుంది. ట్రైలరు బరువులో సుమారు 10 నుంచి 15 శాతం హిచ్ మీదుగా పికప్ మీదే పడుతుంది. ఆరుగురు మనుషుల బరువు దానికి కలపండి. ట్రైలరు తలుపు దగ్గర పసుపు స్టిక్కరు మీద అది మోయగల సామాను బరువు ఉంటుంది, అందులోంచి నీళ్ల బరువు గాలనుకు 8.3 పౌండ్ల చొప్పున తీసేయండి. ఈ లెక్క డీలర్ దగ్గరికి వెళ్లకముందే ఇంటి దగ్గర కూర్చుని ఇద్దరూ వేయండి. లెక్క కుదరకపోతే లీకు బాగుచేసినా ఈ బండి మీకు సరిపడదు, అప్పుడు అడ్వాన్సు మాటే మాట్లాడాలి. కుదిరితే ఈమెయిల్ ఈ రాత్రే పంపండి. బండి చేతికొచ్చాక మొదటి రెండు రాత్రులు యెల్లోస్టోన్‌లో కాకుండా, డీలర్‌కు గంట దూరంలో ఉన్న క్యాంపుగ్రౌండ్‌లో, పెద్దవాళ్లు రాకముందే గడపండి. బయల్దేరాక మొదటి 50 మైళ్లకు ఒకసారి ఆపి చక్రాల నట్లు టార్క్ రెంచితో బిగించి చూడమని మీవారికి గుర్తుచేయండి.